తల్లిని చూపించండి!

1994లో ‘హమ్ ఆప్కే హై కౌన్’లో టఫీని చూసి తెల్లబొచ్చు కుక్కపిల్ల కావాలన్నాం. 2003లో హచ్ ప్రకటన వచ్చాక పగ్ కోసం ఎగబడ్డాం. తెరమీద ముద్దొచ్చే ఆ చప్పిడి ముక్కే దానికి ఊపిరి సరిగా ఆడనివ్వదు. మన ఎండల్లో ప్రాణసంకటమే!

మా చెల్లెలు పగ్ కావాలంటే నేనే వెంట వెళ్ళాను. ఒకాయన నెల రోజుల పిల్లని బుట్టలో పెట్టి బస్టాండుకే తెచ్చిస్తానన్నాడు. “తల్లిని చూపించండి” అన్నాను. “ఊళ్ళో ఉందండీ” అన్నాడు. దండం పెట్టి వచ్చేశాం.

ఇంకొకావిడ తల్లికుక్కని పిలిచింది. పరిగెత్తుకొచ్చినా రొప్పలేదు. టీకాల కార్డు చూపించింది. పైగా ఆవిడే మమ్మల్ని నిలదీసింది. “పగలు ఇంట్లో ఎవరుంటారమ్మా? మిట్టమధ్యాహ్నం బయట తిప్పరు కదా? పెంచలేకపోతే నాకే తిరిగివ్వాలి, సరేనా?” అక్కడే నాకు నమ్మకం కుదిరింది.

2017 నిబంధనల ప్రకారం కుక్కల్ని పెంచి అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. తల్లికి ఏడాదికి ఒక్క ఈతే. మొహమాటపడకుండా అడగండి!

సినిమాలో షాట్ అయిపోతే కుక్కకి ప్యాకప్. మనింట్లో మాత్రం పన్నెండేళ్ళ షూటింగండోయ్!