పసివాళ్ళ కొలతకు కట్టిన ఇల్లు

పిల్లలూ! సూర్యాపేట నుంచి జనగామకు పోయే దారిలో తిరుమలగిరి అనే ఊరు వస్తుంది. పూర్వం నల్లగొండ జిల్లాలో ఉండిన ఈ ఊరు 2016లో కొత్తగా ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరింది. ఆ చుట్టుపక్కలనే ఫణిగిరి గుట్ట ఉన్నది. గుట్టమీద సుమారు రెండువేల ఏళ్ళనాటి బౌద్ధవిహారాల శిథిలాలు కనిపిస్తాయి. భిక్షువులు ఉండటానికి చిన్న చిన్న గదులు, అందరూ కూడటానికి రాతిస్తంభాల మంటపం. గోడలు కూలిపోయినా, అక్కడ ఎటువంటివారు ఉండేవారో కట్టడమే మనకు చెబుతున్నది.

మరి, మూడేళ్ళ పిల్లలు ఉండే కట్టడం ఎట్లా ఉండాలి? అటువంటి కట్టడం తిరుమలగిరిలోనూ, మీ ఊళ్ళోనూ ఉంటుంది. అదే అంగన్‌వాడి. మన దేశంలో అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలైనాయి.

ఒక చిన్న లెక్క చేద్దాం. మూడేళ్ళ పిల్లవాడి ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు. మామూలు మెట్టు ఎత్తు 18 సెంటీమీటర్లు అనుకోండి. మీ నాన్నగారి ఎత్తు 165 సెంటీమీటర్లయితే, అదే పాళ్ళలో ఆయనకు కట్టవలసిన మెట్టు 31 సెంటీమీటర్లు, అంటే అడుగు దాటిపోతుంది! అటువంటి మెట్లు రోజూ ఎక్కి దిగమంటే ఆయన ఏమంటారు? కిటికీ సంగతీ అంతే. మూడడుగుల ఎత్తున కిటికీ పెడితే పసివాడికి గోడ కనిపిస్తుందిగాని వీధి కనిపించదు.

ఈ సంగతి బాగా గ్రహించినవారిలో ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిసోరి ఒకరు. ఆమె 1907లో రోము నగరంలో ‘పిల్లల ఇల్లు’ తెరిచారు. పిల్లలే ఎత్తి జరుపుకోగల కుర్చీలు, బల్లలు, వాళ్ళ చేతికందే అలమారాలు చేయించారు. 1939లో ఆమె మద్రాసుకు వచ్చి మన ఉపాధ్యాయులకు కూడా శిక్షణ ఇచ్చారు. వస్తువు అందకపోతే పసివాడు పెద్దల కోసం ఏడుస్తాడు. అందితే తన పని తానే చేసుకుంటాడు. ‘నాకు చేతనవును’ అనే ధైర్యం అక్కడే పుడుతుంది.

అంగన్‌వాడీకి కనీసం 600 చదరపు అడుగుల కట్టడం, వంటగది, మరుగుదొడ్డి, మంచినీళ్ళు, ఆటస్థలం ఉండాలని ప్రభుత్వ నియమాలు చెబుతున్నవి. కాని సొంత కట్టడం లేక అద్దె ఇళ్ళలో నడిచేవి ఇంకా ఎన్నో ఉన్నాయి. అక్కడ కూడా చేయదగిన పనులు లేకపోలేదు. ఎత్తు మెట్టు ముందర ఒక బల్లచెక్క గట్టిగా బిగిస్తే, ఒక మెట్టు రెండవుతుంది. ఆటవస్తువులు కింది గూళ్ళలో పెట్టవచ్చు. గోడ అడుగుభాగాన నల్లరంగు వేస్తే, అదే పసివాళ్ళ పలక. తలుపు తెరుచుకునే చోట నేలమీద కోణాలు గీస్తే, తలుపే పాఠం చెబుతుంది. మన ప్రాంతంలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వాకిట్లో పరచిన బండలు కాళ్ళను కాలుస్తాయి. కనుక ఆటస్థలానికి వేపచెట్టు నీడ తప్పదు.

ఈసారి మీ చెల్లినో, తమ్ముణ్ణో అంగన్‌వాడీలో దిగబెట్టేటప్పుడు ఒక టేపు వెంట తీసుకుపోండి. మెట్టు, కిటికీ, నల్లా, తలుపు గొళ్ళెం కొలవండి. తరువాత తమ్ముడి ఎత్తు కొలవండి. ఆ కాగితాన్ని అంగన్‌వాడీ టీచరుగారికి, మీ అమ్మానాన్నలకు చూపించండి. ఏది మార్చాలో ఆ అంకెలే చెబుతాయి.