పడకముందే పిట్టగోడ

మా ఊరి మధ్యగా రెండు వరుసల జాతీయ రహదారి పోతుంది. రోడ్డుకు ఇవతల మా ఇళ్లు, అవతల దేవాలయము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఆదివారము సాయంకాలపు ఆరాధన ముగించుకొని రోడ్డు దాటుతూ, మా స్త్రీల సమాజములోని ఒక పెద్దమ్మ లారీ క్రింద పడి చనిపోయింది. ఆమె బైబిలు సంచి రోడ్డుకు అవతల దొరికింది. భూస్థాపన దినమున మేమందరము ఒకే మాట అనుకున్నాము: "ప్రభువు పిలిచాడు, ఆమె వెళ్లింది." ఆ తరువాత రెండేళ్లు అక్కడ ఏ ప్రమాదమూ జరగలేదు. మేము దేవునికి స్తోత్రము చెల్లించి ఆ సంగతి మరచిపోయాము.

మా మేనల్లుడు రోడ్ల డిజైన్లు చేసే ఇంజనీరు. క్రిస్మసుకు మా ఇంటికి వచ్చినప్పుడు దేవాలయము ఎదుట చాలాసేపు నిలబడి రోడ్డును చూచాడు. ఇంటికి వచ్చి, "మామయ్యా, ఇక్కడ ఏటా ఎన్ని ప్రమాదాలు జరిగే అవకాశమున్నదో ముందే లెక్క కట్టవచ్చు" అన్నాడు.

"అదేమిటిరా, సోదె చెప్పుట మనకు తగునా?" అన్నాము.

అతడు నవ్వి, "సోదె కాదత్తయ్యా. ఏ రోజున, ఎవరికి అన్నది దేవునికే తెలుసు. కాని ఇటువంటి రోడ్లు ఎన్నో పరిశీలించినవారు, ఇన్ని బండ్లు తిరిగే రోడ్డుమీద సగటున ఎన్ని ప్రమాదాలు జరుగుతాయో సూత్రము కట్టారు" అన్నాడు.

ఆ సూత్రములున్న పెద్ద గ్రంథము, హైవే సేఫ్టీ మాన్యువల్, 2010లో అమెరికాలో వెలువడింది. దాని ప్రకారము 12 అడుగుల వరుసలు రెండు ఉండి, తిన్నగా, చదునుగా ఉన్న పల్లె రోడ్డుమీద రోజుకు 10,000 బండ్లు తిరిగితే, ఒక మైలుకు ఏటా సగటున 2.67 ప్రమాదములు. వరుసలను 9 అడుగులకు కుదిస్తే అవి సుమారు 29 శాతము పెరుగుతాయి. పల్లె కూడలిలో నడుమ గుండ్రని దిమ్మె కట్టి బండ్లు దాని చుట్టూ మెల్లగా తిరిగిపోయేటట్లు చేస్తే, మనుష్యులు గాయపడే ప్రమాదములు 87 శాతము వరకు తగ్గాయని అక్కడ చూచారు. అంటే కాగితముమీద గీత గీసేటప్పుడే, ఏ గీత ఎందరిని కాపాడునో పోల్చి చూడవచ్చును. "అయితే అవి అమెరికా అంకెలు. మన ఆటోలు, ట్రాక్టర్లు, నడిచేవారు వేరు. మన రోడ్ల లెక్కలతో సరిచేసుకోకుండా వాడకూడదు" అని కూడా చెప్పాడు.

"రెండేళ్లుగా ఏమీ జరగలేదు గదా" అన్నాము.

"ఒక్క ఏటి పంట చూచి పొలము సారము చెప్తావా మామయ్యా?" అన్నాడు.

నిజమే. వానలు కుదిరితే చవుడు నేలకూడా ఒక ఏడు పండుతుంది. పొలము కొనేవాడు నేలను, నీటి వసతిని, చుట్టుప్రక్కల పొలముల దిగుబడిని కూడా చూస్తాడు. రోడ్డుకూ అంతే. అక్కడ జరిగిన ప్రమాదములను, అటువంటి ఇతర రోడ్ల సగటును కలిపి తూచాలి. మా రెండేళ్ల నెమ్మది రోడ్డు బాగుపడినందువలన వచ్చినది కాదు. లైటు లేదు, నడుమ ఆగే చోటు లేదు, మలుపులో లారీ కనబడదు. అన్నీ అలాగే ఉన్నాయి.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము తీశాము. కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పుకు పిట్టగోడ పెట్టాలనియు, పెట్టనియెడల పడినవాని రక్తదోషము ఆ ఇంటిమీదికి వచ్చుననియు 8వ వచనములో ఉన్నది. ఒకరు పడిన తరువాత కట్టుమని దేవుడు చెప్పలేదు.

మన దేశములోనో, జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల మేర మూడేళ్లలో ప్రాణము పోయిన లేక తీవ్రగాయములైన ప్రమాదములు 5 గాని, మరణములు 10 గాని ఉంటే దానిని బ్లాక్ స్పాట్‌గా గుర్తించాలని 2015లో కేంద్ర రవాణా శాఖ నిర్ణయించింది. ఆ చోట్లను బాగుచేయుట మంచిదే. కాని ఆ లెక్క నిండేవరకు పడేవారు ఎవరి బిడ్డలు? 2022లో మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది మా పెద్దమ్మవలె కాలినడకన పోయేవారే.

మేము సిగ్గుపడ్డాము. "దేవుని చిత్తము" అని మేము అన్నది విశ్వాసమా, లేక చేయవలసిన పనిని తప్పించుకొనుటయా? ఆమె ప్రభువునొద్ద ఉన్నదను నిరీక్షణ మాకు నేటికీ ఉన్నది. అయితే ఆ చీకటి మలుపును దేవుడు కట్టలేదు. మనుష్యులు కట్టారు, మేము చూచి ఊరకున్నాము.

తరువాత మా యౌవనస్థులు నోటుపుస్తకములు పట్టుకొని మూడు రోజులు, ఉదయము సాయంకాలము, బండ్లను, దాటేవారిని లెక్కపెట్టారు. ఆ అంకెలతో, మేనల్లుడు గీసిన పటముతో అర్జీ వ్రాశాము. పాస్టరుగారు, సర్పంచిగారు, మసీదు పెద్దలు కూడా సంతకములు చేశారు. లైటు వచ్చింది. నడుమ ఆగే చోటు ఇంకా రాలేదు, తిరుగుతూనే ఉన్నాము. ఈలోగా సాయంకాలపు ఆరాధన వెలుగుండగానే ముగిస్తున్నాము.

ప్రియ చదువరులారా, మీ దేవాలయము, మీ పిల్లల బడి రోడ్డు ప్రక్కన ఉన్నదా? ఏమీ జరగలేదు గదా అని ఊరుకొనక, ఒక సాయంకాలము అక్కడ నిలిచి చూడండి. పిల్లలు ఎక్కడ దాటుతున్నారు? డ్రైవరుకు ఎంత దూరమునుండి కనబడుతున్నారు? వ్రాసి పెట్టి, అడగవలసినవారిని అడగండి. పడినవారికొరకు ప్రార్థించుట మనకు తెలుసు. పడబోయేవారికొరకు పిట్టగోడ కట్టుట కూడా ప్రభువు మనకప్పగించిన పనియే.