బటూమిలో మూడు డ్రాలు

‘డ్రానా... మరి గెలిచిందెవరు?’ మోత్కూరులో చదరంగం ముందు కూర్చున్న పిల్లల్ని కదిపి చూడండి, ఈ మాటే అంటారు. వాళ్లకి బటూమి కథ చెప్పాలి.

జార్జియా దేశంలో, నల్లసముద్రం ఒడ్డున, టర్కీ సరిహద్దుకి దగ్గర్లో ఉంటుందా ఊరు. వానలంటే మామూలు వానలు కావు... ఏడాదికి దాదాపు 2,500 మిల్లీమీటర్లు! మబ్బు కోసం ఎదురుచూసే నల్గొండ రైతుకి కన్నుకుట్టడం ఖాయం. తీరం వెంట ఏడు కిలోమీటర్ల నడకదారి, అక్కడే జార్జియా లిపిలోని 33 అక్షరాలూ చుట్టుకున్న 130 మీటర్ల టవరు. గుండ్రటి ఆ అక్షరాలు మన తెలుగుకి దూరపు చుట్టాల్లా కనిపిస్తాయి. ఇక, పడవలాంటి రొట్టెలో చీజ్, గుడ్డు, వెన్న వేసి వేడివేడిగా పెట్టే ఖచాపురి తినకపోతే బటూమి వెళ్లినట్టే కాదు.

ఆ దేశంలో ఆడవాళ్ల చదరంగానికి ఉన్న పేరు అంతా ఇంతా కాదు. 1962 నుంచి 1991 దాకా మహిళల ప్రపంచ కిరీటం ఇద్దరు జార్జియన్ల దగ్గరే ఉంది. 1978లో ఇదే సముద్రతీరంలోని పిట్సుందాలో 37 ఏళ్ల నోనా గాప్రిందాష్విలీ నుంచి దాన్ని అందుకున్న మాయా చిబుర్దానిద్జేకి అప్పుడు పదిహేడేళ్లే!

2025 జులైలో బటూమిలో జరిగిన మహిళల ప్రపంచకప్ ఫైనల్లోనూ అలాంటి జోడీయే. ఒకరు గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, 38 ఏళ్లు. ఎదురుగా నాగపూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్, 19 ఏళ్లు. 2002లో హంపి గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి దివ్య పుట్టనే లేదు.

26న తొలి ఆట డ్రా. మర్నాడు తెల్లపావులు హంపివి, అదీ డ్రాయే. చెరో అరపాయింటు. ఏమీ జరగలేదనుకుంటే పొరపాటే. మొదటి 40 ఎత్తులకి ఒక్కొక్కరికి 90 నిమిషాలు, ఎత్తు ఎత్తుకీ అదనంగా 30 సెకన్లు. దూకుడుగా ముందుకెళ్తే తన రాజు చుట్టూ కాపలా పలచబడుతుంది. ఆగితే చొరవ అవతలివాళ్లది. అలా గంటలకొద్దీ కూర్చుని, ఎదుటివారికి సందు ఇవ్వకుండా లేవడమంటే మాటలా!

28న ర్యాపిడ్ ఆటలు. చేతిలో పదిహేను నిమిషాలు, ఎత్తుకి మరో పది సెకన్లు. అందులో అప్పటి ప్రపంచ విజేత హంపినే. 2019లో, 2024లో గెలిచింది. మొదటి ర్యాపిడ్ కూడా డ్రా! రెండోదాంట్లో గడియారం తరుముతుంటే హంపి తడబడింది. నల్లపావులతో ఆడిన దివ్య కప్పుతోపాటు గ్రాండ్‌మాస్టర్ హోదా కూడా ఇంటికి పట్టుకెళ్లింది.