వ్రేళ్ల బొబ్బలు

వ్రేళ్లు బొబ్బలెక్కనిదే వాద్యము వశము కాదని మన యిండ్లలో నొక నమ్మకము గలదు. బేస్ గిటారు నేర్చుకొనుచున్న మా యింటి పిల్లకు మీటెడి వ్రేళ్ల కొనలు పొంగి నీరుపట్టగా చుట్టములు మెచ్చుకొనిరి. ఆ వ్రేళ్లతోనే పెండ్లిపందిట వాయించి తీరవలెననిరి. మేము సమ్మతింపలేదు.

రాపిడిచే చర్మపు పైపొర లోలోన చీలి, ఆ నడుమ నీరు చేరినచో బొబ్బ యగును. దినదినము కొంచెము కొంచెముగా తంత్రిని మీటగా తోలు దళసరియై కాయ కాచును. కాయ సాధనవలన వచ్చును. బొబ్బకు సాధనతో పనిలేదు, తొందరపాటు చాలును. ఈ వాద్యమున లావుతంత్రి మందము సాధారణముగా 2.5 మిల్లీమీటర్లకు పైబడి యుండును. దానిపై చుట్టిన లోహపుతీగ గుండ్రనిదైనచో ఆకురాయివలె గీయును; బద్దతీగయైనచో నునుపుగా నుండును.

పిల్ల బలముగా మీటుట ధ్వని చాలకనే. 1951లో ఫెండరు కంపెనీ బజారుకు తెచ్చిన నాటినుండియు ఈ గిటారు విద్యుత్తును నమ్ముకొన్నదే కదా! యాంప్లిఫయరు ధ్వని పెంచి మెల్లగా మీటుమంటిమి. పూటకు 15 నిమిషములే, అదియు బొబ్బ మానిన పిదప. బొబ్బతోలు నొలువనీయలేదు; లోపలి పచ్చిచర్మమునకు అంతకన్న మంచి కట్టు లేదు.

పెండ్లి సన్నాయితోనే జరిగెను. పెండ్లికూతురి మేనత్తగారు నేటికిని మా గడప త్రొక్కుట లేదు.