ఆంప్లిఫయర్‌కి పంపకాలు తెలీవు

మా టీమ్‌లో ఒకడికి కారు పాటల పిచ్చి. డిక్కీలో 4 ఓమ్‌ల సబ్‌వూఫర్ ఉండగానే, 2 ఓమ్‌లది ఇంకోటి సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చాడు. "ఆంప్ 300 వాట్లు, చెరి 150 వస్తాయి" అన్నాడట అమ్మినాయన. కలపొద్దురా బాబూ అన్నాను.

ఆంప్లిఫయర్ వాట్లు పంచిపెట్టదండీ. అది ఇచ్చేది వోల్టేజి; ఎంత లాక్కోవాలన్నది కాయిల్ ఇష్టం. పారలల్‌గా కలిపితే రెండింటికీ అదే వోల్టేజి. 20 వోల్టులనుకోండి. దాని వర్గాన్ని ఓమ్‌లతో భాగిస్తే 4 ఓమ్‌లదానికి 100 వాట్లు, 2 ఓమ్‌లదానికి 200. సిరీస్‌లో కలిపితే కథ తిరగబడుతుంది, 4 ఓమ్‌లదే రెట్టింపు తింటుంది.

అసలు ముప్పు వేరే ఉంది. పారలల్‌లో రెండూ కలిసి 1.33 ఓమ్‌లే. వాడి ఆంప్ మాన్యువల్ 2 ఓమ్‌ల కిందికి దిగొద్దంటోంది. దిగితే కరెంటు పెరిగి వేడెక్కుతుంది. అదృష్టం బాగుంటే ప్రొటెక్ట్ లైటు వెలిగి ఆగిపోతుంది, లేదంటే కాలిపోతుంది.

అదే 4 ఓమ్‌లది, అదే మోడల్ ఇంకోటి కొంటే సరిగ్గా 2 ఓమ్‌లు, సమాన వాటాలు. వాడు అదే చేస్తున్నాడు.

బీటెక్‌లో చదివిన ఓమ్ సూత్రాన్ని నన్ను ఏ ఇంటర్వ్యూలోనూ అడగలేదు. ఓ ఆంప్‌ని మాత్రం కాపాడింది!