టార్చిలైటు తగవు

మామా అల్లుళ్ళ మధ్య తగవు రావడానికి కట్నాలూ కానుకలూ అక్కర్లేదు. గుప్పిట్లో ఇమిడే టార్చిలైటు చాలు. నమ్మకపోతే మా యింటి భాగోతం చిత్తగించండి.

మాది మొయినాబాదు. బడిపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. చేవెళ్ళ వెళ్ళే బీజాపూరు రోడ్డు మీద, వూడలు దిగిన మర్రిచెట్ల కింద కొంతదూరం పోయి బండ్లబాట పడితే, దాని చివర మాకు రెండెకరాల చెలక వున్నది. కౌలుకు చేసే పెద్దాయన టొమాటో వేస్తాడు. తెల్లవారేసరికి కాయ మార్కెట్లో వుండాలి గనుక చీకటితోనే కోత మొదలవుతుంది. అంచేత మాకు టార్చిలైటు వేడుక వస్తువు కాదు. పారా, కొడవలీ ఎలాగో అదీ అంతే.

మొన్న ఎండాకాలం మా అల్లుడు హైదరాబాదునుంచి వస్తూ నాకొక టార్చి తెచ్చాడు. మీట నొక్కగానే ఎదురుగా వున్న చింతచెట్టు కొమ్మకొమ్మా పట్టపగలులా వెలిగింది.

"రెండువేల లూమెన్లు, మామయ్యా! మీ దగ్గరున్నది ఆరువందలేగా?" అన్నాడు.

నా దగ్గరున్నది నిరుడు నేను కొనుక్కున్న చిన్న దీపం. కొంచెం పచ్చగా వెలుగుతుంది. రెండువేల ముందు ఆరువందలు నిలబడవని లెక్కల మేష్టరుకు వేరే చెప్పాలా? నోరు మూసుకుని కొత్తదాన్ని పెద్దాయనకిచ్చి పంపాను.

మర్నాడు మార్కెట్టుకు పోయిన గంపల్లో సగం దోరకాయలే. పెద్దాయన తిరిగివచ్చి దీపం నా చేతిలో పెట్టాడు. "సారూ, గీ లైటుల పండేదో దోరదేదో ఎర్కైతలేదు. మీ పచ్చ లైటే ఇయ్యున్రి" అన్నాడు.

అల్లుడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆరోజంతా కూర్చుని సంగతేమిటో చదివాను.

మనం తెల్లదనుకునే ఎల్.ఇ.డి. నిజానికి తెల్లది కాదు. లోపల వున్నది నీలంగా వెలిగే చిన్న బిళ్ళ. దానిమీద ఫాస్ఫర్ అనే పొడి పూత వేస్తారు. నీలం వెలుగులో కొంత ఆ పూతలో పసుపుగా మారి, మిగిలిన నీలంతో కలిసి, మన కంటికి తెలుపని తోస్తుంది. ఆ నీలం దీపం కోసమే జపానులో అకసాకి, అమానో, నకమురా ఏళ్ళతరబడి శ్రమపడ్డారు. నిచియా కంపెనీలో వుంటూ నకమురా బాగా వెలిగే నీలం దీపాన్ని 1993లో లోకానికి చూపించాడు. 2014లో ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది.

కిటుకంతా పూతలో వున్నది. నీలం పాలు ఎక్కువ మిగిలితే 6500 కెల్విన్ల చల్లని తెలుపు వస్తుంది. లూమెన్లు దండిగా వుంటాయి కాని ఎరుపు కరువు. ఎర్ర వెలుగునిచ్చే పొడి కూడా కలిపితే 4000 కెల్విన్ల వెచ్చని తెలుపు వస్తుంది, రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. ఈ నిజాయితీకి నూటికి ఇన్నని మార్కులున్నాయి, సి.ఆర్.ఐ. అంటారు. అల్లుడి దీపానికి 70, నా దానికి 90 దాటి. అయితే ముదురు ఎరుపు మన కంటికి అంతగా ఆనదు గనుక, రంగు దిద్దినకొద్దీ లూమెన్ల లెక్క తగ్గుతుంది. పెట్టెమీద అచ్చువేసేది మాత్రం లూమెన్లే.

మా నాన్నగారి రెండు సెల్లుల పాత టార్చి గుర్తుకొచ్చింది. తీగబల్బు, మసక వెలుగు. కాని దాని వెలుగులో రంగు మాత్రం తప్పేది కాదు. తీగబల్బుకు ఈ పరీక్షలో నూటికి ఇంచుమించు నూరు మార్కులు!

ఇంతా చెబితే అల్లుడు, "కాయలమాట సరే, రాత్రిపూట దారి చూడ్డానికి నాదే మేలు" అన్నాడు. సరేనన్నాను.

ఆ వారంలోనే ఒకరాత్రి కరెంటు పోయి వచ్చింది. మోటారు మళ్ళీ పెట్టాలి. 2018 జనవరి 1నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు వచ్చాక రాత్రి తిరుగుళ్ళు తగ్గాయి కాని, ఇలాంటప్పుడు తప్పవు. పెద్దాయనకు తోడు మేమిద్దరమూ బయలుదేరాము. ముందు అల్లుడు, వెనక నేను, నా వెనక పెద్దాయన. రెండు నిమిషాలకే అల్లుడి టార్చి చురుక్కుమని కాలి, దానంతటదే వెలుగు తగ్గించుకున్నది. అంత చిన్న వొంట్లో అంత వేడి నిలవదు. రెండువేలూ చూపించడానికేగాని నడవడానికి కాదు.

గట్టు దగ్గర ఎండుటాకులు పడివున్నాయి. అల్లుడు కాలెత్తాడు. నా పచ్చని వెలుగు పక్కనుంచి పడింది. ఆకుల మధ్య గోధుమరంగు గొలుసు మచ్చలు!

"ఆగండి బాబూ!" అని చొక్కా పట్టుకు లాగాను.

"పురుగు! కదలకున్రి!" అన్నాడు పెద్దాయన. రాత్రిపూట పామని అనరు. రక్తపింజర.

నాలుగడుగులు వెనక్కు వచ్చాము. అది కదలలేదు. నా గుండె దడ తగ్గకపోయినా, మేష్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది? "మీ దీపం వెయ్యండి" అన్నాను. వేశాడు. ఆకులూ పామూ ఒకటే బూడిదరంగు. అది ఆర్పి నాది వేస్తే, గొలుసు మచ్చలు మళ్ళీ తేలాయి. అల్లుడు మాట్లాడలేదు. చేతిలో దీపం వణుకుతున్నది.

ఒకసారి జరిగినదానితో సిద్ధాంతం రుజువు కాదని నాకు తెలుసు. ఎదర నడిచేవాడికన్న వెనకవాడికి పక్కనుంచి బాగా కనపడి వుండవచ్చు కూడా. కాని 2000నుంచి 2019వరకు మనదేశంలో ఏటా సుమారు 58 వేలమంది పాముకాటుతో పోయారని పరిశోధకుల అంచనా. ఆ లెక్క చదివినవాడు లూమెన్ల లెక్క కోసం పంతం పట్టడు.

అల్లుడి దీపాన్ని తీసిపారేయమనను. అద్దంలా నున్నని లోతైన గిన్నె వల్ల దాని వెలుగు కర్రలా దూరంగా పోతుంది. గట్టుమీద నిలబడి ఆ చివరి స్టార్టరు డబ్బా చూడాలంటే అదే కావాలి. నా దాని గిన్నె నారింజతొక్కలా గరుకు. వెలుగు మెత్తగా పరుచుకుని కాళ్ళముందు నేల చూపిస్తుంది. కొనేవారికి ఇంకొక్కమాట: జేబులో మీట దానంతటది పడకుండా తాళం వున్నదో లేదో చూడండి. లేనందువల్ల నా లాల్చీకి ఒక చిల్లు పడింది. అది ఎవరి దీపమో చెప్పను.

ఈ తగవుకు తీర్పు మా ఆవిడ చెప్పింది. కరెంటు లేని ఒక సాయంత్రం, రెండు టార్చీలూ వేసి అద్దంలో చూసుకుని, "ఒకదాంట్లో నా బొట్టు కుంకుమలా వుంది, ఒకదాంట్లో ఎండిన నెత్తురులా వుంది" అన్నది.

వెళ్ళేరోజున అల్లుడు తన దీపం మాకే వదిలి, బస్సెక్కబోతూ మెల్లిగా అడిగాడు:

"మామయ్యా, ఆ పచ్చది ఎక్కడ కొన్నారు?"