పార్టీ వాళ్ల పెళ్లికి మనకూ పిలుపుండాలా?

కన్నతండ్రి దేశాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నాడు. కూతురూ కొడుకూ ఊరూరా తిరిగి ప్రచారం చేశారు. తీరా సొంత రాష్ట్రంలో పోలింగ్ వచ్చేసరికి ఆ ఇద్దరికీ తండ్రికి ఓటేసే వీల్లేకపోయింది! 2016 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో జరిగిన ముచ్చట ఇది. తండ్రి డొనాల్డ్ ట్రంప్. పిల్లలు ఇవాంకా, ఎరిక్. రిపబ్లికన్లుగా పేరు మార్పించుకోవడానికి గడువు 2015 అక్టోబరులోనే ముగిసిపోయింది. వాళ్లు ఆ సంగతి చూసుకోలేదు.

ఇంతకీ అది అసలు ఎన్నిక కాదు, ప్రైమరీ. మన దగ్గర ఎవరు పోటీ చేయాలో పార్టీ పెద్దలు తేలుస్తారు. బీ-ఫారం చేతిలో పడ్డవాడే అభ్యర్థి. అమెరికాలో ఆ పని ఓటర్లది. అసలు ఎన్నికకు ముందే ఇంకో ఎన్నిక పెట్టి ఏ పార్టీ అభ్యర్థిని ఆ పార్టీ ఎంచుకుంటుంది. అక్కడ పార్టీలో ఉండటమంటే రుసుం కట్టి రసీదు తీసుకోవడం కూడా కాదు. చాలా రాష్ట్రాల్లో ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ పేరు దగ్గర టిక్కు పెట్టడమే. మరి ఏ టిక్కూ పెట్టనివాడి సంగతేమిటి? పార్టీల ప్రైమరీలో అతనికి ఓటుండాలా వద్దా? ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి.

ఈ గొడవ మా ఇంట్లోకి రావడానికి కారణం మేరీలాండ్‌లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి. అక్కడి పౌరసత్వం వచ్చాక, ఎవరి జెండా మనకెందుకులే అని ‘ఏ పార్టీ కాదు’ అన్నచోట టిక్కు పెట్టాడు. 2022 ప్రైమరీలో హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి డెమొక్రటిక్ అభ్యర్థిత్వం కోసం పోటీలో ఉన్నారు. మన తెలుగావిడకి ఓటేద్దామని ఉత్సాహంగా వెళ్లాడు. చేతికొచ్చిన బ్యాలెట్‌లో స్కూలు బోర్డు సభ్యుల పేర్లు తప్ప ఇంకేమీ లేవు! పార్టీ లేనివాళ్లకి అక్కడ అంతే.

పొటోమాక్ నది దాటితే వర్జీనియా. అక్కడి ఓటర్ల నమోదులో పార్టీ అన్న మాటే ఉండదు. ఎవరైనా సరే, ఏదో ఒక పార్టీ ప్రైమరీని ఎంచుకుని ఓటేయొచ్చు. 2025 జూన్‌లో అక్కడి డెమొక్రటిక్ ప్రైమరీలో లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి ఆరుగురు తలపడితే, హైదరాబాద్‌లోనే పుట్టిన గజాలా హష్మీ స్వల్ప తేడాతో గట్టెక్కారు. నవంబరులో ఎన్నికయ్యారు కూడా. నదికి ఇవతల ఉన్నవాడికి లేని ఓటు అవతలివాడికి ఉందన్నమాట.

అన్నయ్య ఫోన్‌లో ఇదంతా వాపోతుంటే మా నాన్న ఊరుకోలేదు. ఆయన ముప్పై ఏళ్లు ఒక పార్టీ జెండా మోసిన మనిషి. గోడల మీద రాతలు రాశారు, జీపుకి మైకు కట్టించి ఎండలో తిరిగారు, బూత్‌లో ఏజెంటుగా కూర్చున్నారు. “ఒరే అబ్బాయ్, ఎండలో తిరిగేది ఒకడూ, అభ్యర్థిని తేల్చేది ఇంకొకడూనా? ఊళ్లో పెళ్లికి కుక్కల హడావుడిలా ఉంది నీ వరస. అంత ముచ్చటగా ఉంటే ఆ పార్టీలోనే చేరు” అనేశారు.

నాన్న మాటలో బలముంది. 2008లో రష్ లింబా అనే రేడియో వ్యాఖ్యాత తన రిపబ్లికన్ శ్రోతలని డెమొక్రటిక్ ప్రైమరీల్లోకి వెళ్లి హిల్లరీ క్లింటన్‌కి ఓటేయమని ఉసిగొల్పాడు. ఆమె మీద అభిమానంతో కాదు. ఒబామాతో ఆమె పోరు ఎంత సాగితే అవతలి పార్టీ అంత అలిసిపోతుందని! కాలిఫోర్నియా ప్రజలు 1996లో ఎవరైనా ఏ పార్టీ అభ్యర్థికైనా ప్రైమరీలో ఓటేసేలా చట్టం తెచ్చుకుంటే, 2000లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇష్టంలేని పార్టీ మీద బయటివాళ్లని రుద్దకూడదంది.

అయితే ‘మా పార్టీ, మా ఇష్టం’ అన్న మాటకి ఇంకో చరిత్ర కూడా ఉంది. ఒకప్పుడు టెక్సాస్‌లో డెమొక్రటిక్ ప్రైమరీ గెలిస్తే ఎన్నిక గెలిచినట్టే. అందులో నల్లజాతివాళ్లకి ఓటు లేదు. అదేమంటే, మాది ప్రైవేటు సంఘం, ఎవరిని చేర్చుకోవాలో మా ఇష్టం అనేవారు. హ్యూస్టన్‌లో పళ్ల డాక్టరుగా ఉన్న లోనీ స్మిత్ కోర్టుకెక్కాడు. ప్రైమరీ కూడా ప్రభుత్వ ఎన్నికల్లో భాగమేననీ, జాతిని బట్టి ఓటు నిరాకరించడం కుదరదనీ 1944లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ అన్యాయానికీ అన్నయ్య ఇబ్బందికీ పోలిక లేదు. వీడికి టిక్కు పెట్టే దారి ఉంది, వాళ్లకి ఏ దారీ లేదు. కానీ అసలు నిర్ణయం ఎక్కడ జరుగుతుందో అక్కడే ఓటు విలువ చూడాలన్న పాఠం మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది.

మేరీలాండ్‌లోని బాల్టిమోర్ నగరాన్నే తీసుకోండి. 1967 తర్వాత అక్కడ రిపబ్లికన్ మేయరు లేడు. నవంబరు ఎన్నిక లాంఛనమే. మేయరెవరో డెమొక్రటిక్ ప్రైమరీలోనే తేలిపోతుంది. ఆ ప్రైమరీకి అయ్యే ఖర్చేమో ప్రజలది. అందుకే అన్నయ్య “బాబాయ్, పెళ్లి ఖర్చులో నా వాటా వసూలు చేశారు. భోజనానికి మాత్రం పిలవరా?” అన్నాడు. గాలప్ సర్వేల్లో ఏ పార్టీ వాళ్లమూ కాదని చెప్పే అమెరికన్లు కొన్నేళ్లుగా 40 శాతానికి పైనే ఉంటున్నారు. ఇంతమందిని గుమ్మం బయట నిలబెట్టడం ఎంతవరకు సబబు?

అలాగని తలుపులు బార్లా తెరిచెయ్యమనీ జనం అనడం లేదు. పార్టీలతో పని లేకుండా అందరికీ కలిపి ఒకే ప్రైమరీ పెట్టాలన్న ప్రతిపాదనలని 2024 నవంబరులో ఇడాహో, నెవాడా, కొలరాడో, మోంటానా, సౌత్ డకోటా ఓటర్లు తిరస్కరించారు.

నా మటుకు నాకు న్యూహాంప్‌షైర్ పద్ధతి నచ్చింది. అక్కడ ఏ పార్టీకీ చెందనివాళ్లు ఏదో ఒక ప్రైమరీని ఎంచుకోవచ్చు. ఒక పార్టీలో పేరున్నవాడు మాత్రం పక్క పార్టీ ప్రైమరీలో వేలు పెట్టకూడదు. లింబా లాంటివాళ్ల ఎత్తులకి అడ్డుకట్ట పడుతుంది, అన్నయ్య లాంటివాళ్లకి ఓటూ దక్కుతుంది. తలుపు గట్టిగా మూస్తే పార్టీకి నిఖార్సైన సభ్యులే మిగులుతారనుకోవడం కూడా భ్రమే. వచ్చే ప్రైమరీకి అన్నయ్య డెమొక్రాట్ దగ్గర టిక్కు పెట్టేస్తానంటున్నాడు. నమ్మకం కుదిరి కాదు, బ్యాలెట్ కోసం. అలా చేరినవాడి వల్ల ఆ పార్టీకి ఒరిగేదేముంది?

మన దేశంలోనూ 2014 లోక్‌సభ ఎన్నికల ముందు కాంగ్రెస్ కొన్ని నియోజకవర్గాల్లో ప్రైమరీలు పెట్టి చూసింది. అందులో ఓటు పార్టీ వాళ్లకే. మిగతా చోట్ల అదీ లేదు. ఆ మాటే తలుచుకుని నాన్నని అడిగాను. “ఇన్నేళ్లలో అభ్యర్థిగా ఎవరైతే బాగుంటుందని మిమ్మల్ని ఎప్పుడైనా అడిగారా నాన్నా?”

ఆయన కాసేపు మాట్లాడలేదు. “ఒకసారి నామినేషన్ల ముందు రోజు రాత్రి పేరు మారిందని కబురొచ్చింది. తెల్లారేసరికి గోడల మీద పాత పేరు చెరిపి కొత్త పేరు రాశాం” అన్నారు. తర్వాత ఫోన్ దగ్గరికి లాక్కుని, “ఒరే అబ్బాయ్, ఆ టిక్కేదో పెట్టెయ్. అడిగేవాళ్లున్నప్పుడు చెప్పకుండా ఉండకు” అన్నారు.